ఆడాసిటీ: పుష్కరకాలం సాగిన శ్రవ్య నాటకాన్ని ముగించిన పనిముట్టు

2012లో చదువుకునే రోజుల్లో ఐదుగురు మిత్రులం కలిసి మొదలుపెట్టిన శ్రవ్య నాటకం 2024లో పూర్తయింది. పదకొండు భాగాలు, మొత్తం నిడివి ఐదు గంటల నలభై నిమిషాలు. మొదటి సంభాషణను రికార్డు చేసిన రోజు నుంచి చివరి భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసిన రోజు దాకా మా దగ్గర మారకుండా నిలిచిన పనిముట్టు ఒక్కటే, అది ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. మైకులు మారాయి, కంప్యూటర్లు మారాయి, మా ఉద్యోగాలూ చిరునామాలూ మారాయి, ఆఖరికి మా గొంతులు కూడా మారాయి. ఈ సమీక్షలో ఆ సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి మెనూనూ వివరించబోవడం లేదు. తలా ఒక దిక్కున ఉన్న పాత మిత్రులు ఏళ్ల తరబడి అటకెక్కిన పనిని కిందికి దించి ముగించాలనుకున్నప్పుడు అది ఎంతవరకు అక్కరకు వస్తుందన్న ప్రశ్నకు మా అనుభవం మేరకు జవాబు చెప్పదలచుకున్నాను. జవాబులోని ముఖ్యమైన మాటను ముందే చెబుతాను: చాలామంది ఆడాసిటీకి లోపంగా ఎంచే గుణమే మా పనిని ఒడ్డుకు చేర్చింది.

ఆడాసిటీని 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డామినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2000 మే నెలలో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎవరైనా చూసి, మార్చి, పంచుకోవడానికి వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద దాని సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంటుంది. విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ దాదాపు ఒకే రూపంలో పనిచేస్తుంది. ఈ చివరి వాక్యం ప్రకటనల్లో కనిపించే మామూలు మాటలా అనిపించవచ్చు గానీ, మాకు అదే ప్రాణాధారం అయింది. మా ఐదుగురి దగ్గర మూడు రకాల కంప్యూటర్లు ఉన్నాయి, వాటిలో ఒకటి బాగా పాతది. కొనవలసిన సాఫ్ట్‌వేర్‌నో, ఒకే రకం కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌నో ఎంచుకుని ఉంటే మాలో కనీసం ఇద్దరు మొదటి ఏడాదే శ్రోతలుగా మిగిలిపోయేవారు. కలిసి చేసే పనిలో ఒకసారి శ్రోతగా మారిన మనిషిని తిరిగి భాగస్వామిగా చేయడం ఎంత కష్టమో, మధ్యలో ఆగిన నాటకం, పత్రిక, సంగీత బృందం ఏదైనా నడిపినవారికి తెలుస్తుంది.

2012లో మేము వాడినది అప్పుడే విడుదలైన 2.0 వెర్షన్. ఆ కాలంలో ఆడాసిటీ ప్రాజెక్టు అంటే ఒక ఫైలు కాదు: ఏయూపీ అనే చిన్న ఫైలు ఒకటి, దాని పక్కనే డేటా అనే మాటతో ముగిసే ఫోల్డరు ఒకటి ఉండేవి. అసలు శబ్దమంతా ఆ ఫోల్డరులో వందలాది చిన్న ముక్కలుగా ఉండేది. ఏయూపీ ఫైలులో ఉన్నది ఏ ముక్క ఎక్కడ రావాలన్న పట్టిక మాత్రమే. ఈ తేడా మాకు తెలియదు. 2013లో మూడో భాగాన్ని ఎడిట్ చేయడానికి మిత్రుడొకడు పెన్‌డ్రైవ్‌లో ఏయూపీ ఫైలును మాత్రమే తీసుకువెళ్లాడు. అతను వారం తర్వాత ఫోను చేసి, "ఒరే, ఇందులో మన మాటల పొడవులు ఉన్నాయి గానీ మాటలు లేవురా" అన్నాడు. సరిగ్గా అదే జరిగింది. శబ్దం దొరకని చోట నిశ్శబ్దాన్ని పెట్టి తెరవమంటారా అని ఆడాసిటీ అడిగింది, అతను సరేనన్నాడు. ట్రాకులు తెరుచుకున్నాయి, ఎవరి సంభాషణ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీతలు చూపించాయి, వినబోతే ఏమీ లేదు. అప్పటికే అసలు కంప్యూటర్‌ను మేమే ఫార్మాట్ చేసి ఉన్నాం. ఆ భాగం మొత్తాన్ని మళ్లీ రికార్డు చేశాం.

2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ ఈ ప్రమాదాన్ని పూర్తిగా తొలగించింది. ఇప్పుడు ప్రాజెక్టు అంటే ఏయూపీ3 అనే ఒకే ఫైలు. లోపల అది సమాచారమంతటినీ ఒకే ఫైలులో దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేసు. శబ్దం, కోతలు, లేబుళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఫైలు పరిమాణం బాగా పెరుగుతుందన్నది నిజమే. 44.1 కిలోహెర్ట్జ్, 32 బిట్ ఫ్లోట్ అనే నాణ్యతా అమరికలో ఒక్క మోనో ట్రాకు గంటకు సుమారు 635 మెగాబైట్లు తీసుకుంటుంది, అంటే ఐదు గొంతుల గంట రికార్డింగుకు మూడు గిగాబైట్లు దాటుతుంది. క్లౌడ్‌తో నిరంతరం అనుసంధానమయ్యే ఫోల్డరులో గానీ, నెట్‌వర్క్ డ్రైవులో గానీ ఆ ఫైలును తెరిచి పనిచేయకూడదు. సొంత డిస్కులో పనిచేసి, ప్రాజెక్టును మూసివేసిన తర్వాతే నకలు తీయాలి. ఈ క్రమశిక్షణ ఒక్కటి పాటిస్తే ఏయూపీ3 నమ్మదగిన రూపం. మేము మూడేళ్లలో ఒక్క నిమిషం శబ్దాన్ని కూడా పోగొట్టుకోలేదు.

ఈ సాఫ్ట్‌వేర్ మీద నా అభిమానానికి అసలు కారణం మాత్రం పాత ఫైళ్లను తెరిచిన రోజే పుట్టింది. 2014లో చదువులు ముగిసి విడిపోయేటప్పటికి ఐదు భాగాలు దాదాపు పూర్తయ్యాయి, ఆరు మిగిలాయి. ఏడేళ్లపాటు ఎవరమూ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఎవరు ముందు అడిగినా మిగతావారిని తప్పు పట్టినట్లవుతుందన్న బెరుకు అందరిలోనూ ఉండేది. 2021లో కథ రాసిన మిత్రుడికి సామాను సర్దుతుండగా పాత ఎక్స్‌టర్నల్ డిస్కు దొరికింది. ఈసారి ఏయూపీ ఫైళ్లూ, వాటి డేటా ఫోల్డర్లూ పక్కపక్కనే ఉన్నాయి. కొత్త వెర్షన్ వాటిని తెరిచి, పాత ఫైళ్లను ముట్టుకోకుండా, కొత్త రూపంలోకి మార్చుకుంది. ట్రాకుల పేర్లు, శబ్దపు హెచ్చుతగ్గులను అమర్చే ఎన్వలప్ బిందువులు, లేబుల్ ట్రాకులో మేము తెలుగులో రాసుకున్న గుర్తులు అన్నీ ఉన్నాయి. ఐదో భాగం మధ్యలో "ఇక్కడ దగ్గు, మళ్లీ చెప్పించాలి" అన్న లేబుల్ కనిపించింది. ఏడేళ్ల కిందట వాయిదా వేసిన పని అక్కడే, అదే క్షణం దగ్గర మాకోసం ఆగి ఉంది. ఆ రాత్రి ఆ ఒక్క వాక్యాన్ని ఫోనులో మళ్లీ చెప్పి పంపించిన మిత్రురాలు, నాటకాన్ని మళ్లీ మొదలుపెట్టినట్లు అందరికంటే ముందు ప్రకటించిన మనిషి అయింది. పాత పనిని పాత స్థితిలో తెరవగలగడం సాఫ్ట్‌వేర్ సమీక్షల్లో ఎవరూ మార్కులు వేయని గుణం. దీర్ఘకాలం సాగే పనికి నేను మాత్రం ఆ గుణానికే మొదటి మార్కు వేస్తాను.

ఇక శబ్దాన్ని శుభ్రపరిచే సాధనాల సంగతి. ఆడాసిటీ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది నాయిస్ రిడక్షన్. ఎవరూ మాట్లాడని ఖాళీ భాగాన్ని ముందుగా ఎంచుకుని దాన్ని రొదకు నమూనాగా చూపించాలి, తర్వాత మొత్తం ట్రాకును ఎంచుకుని ఆ నమూనాకు సరిపోయే శబ్దాన్ని ఏ మేరకు తగ్గించాలో చెప్పాలి. ఫ్యాను, కంప్యూటర్ హోరు వంటి ఏకరీతి శబ్దాలను ఇది చక్కగా తగ్గిస్తుంది; వాహనాల రాకపోకలను, పక్కగదిలోని మాటలను తీయలేదు. అయితే తెలుగులో మాట్లాడే నాటకానికి దీన్ని వాడేవారు ఒక విషయం గమనించాలి. మనది అజంత భాష. మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి అచ్చు చాలాసార్లు మెల్లగా, ఊపిరితో కలిసిపోయి వస్తుంది. నాయిస్ రిడక్షన్‌ను గట్టిగా వాడితే ముందుగా బలయ్యేది ఆ చివరి అచ్చే. "వచ్చింది", "వచ్చిందా", "వచ్చిందే" అన్న మూడింటికీ తేడా అంతా ఆ కొసలోనే ఉంది. మా ఆరో భాగంలో తల్లి పాత్ర అడిగే ప్రశ్న ఒకటి, శుభ్రపరిచిన తర్వాత, నిర్ధారణగా వినిపించింది. మేము పది రోజులు ఆ సన్నివేశం ఎందుకు పండలేదో తెలియక నటనను అనుమానించాం. తీరా చూస్తే నటనలో లోపం లేదు, ప్రశ్నార్థకాన్ని మేమే రొదతోపాటు తుడిచేశాం.

అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. తగ్గింపును 12 డెసిబెళ్లకు బదులు 6 దగ్గరే ఆపడం మొదటిది. అదే పెట్టెలో ఉండే రెసిడ్యూ అన్న ఎంపికను ప్రతిసారీ వినడం రెండోది. అది ఏ శబ్దాన్ని తీసివేయబోతోందో ఆ శబ్దాన్ని మాత్రమే వినిపిస్తుంది; అందులో మాటల నీడలు వినిపిస్తే తగ్గింపు ఎక్కువైందని అర్థం. ఈ ఎంపిక గురించి కొత్తవారికి చెప్పేవారు తక్కువ, నా దృష్టిలో ఆ పెట్టె మొత్తంలో అన్నిటికంటే విలువైనది అదే. ఒక స్థాయి కంటే మెల్లని శబ్దాన్ని అణచివేసే నాయిస్ గేట్ వాడినా ఇదే జాగ్రత్త అవసరం. మహాప్రాణాలు, ముఖ్యంగా "భ", "ఫ" పలికినప్పుడు మైకుకు తగిలే గాలి దెబ్బను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టిన హై-పాస్ ఫిల్టర్ (అంతకంటే తక్కువ కంపనాలను వడగట్టేది) చాలావరకు తగ్గించింది. ట్రంకేట్ సైలెన్స్ అన్న సాధనం మాటల మధ్య ఖాళీలను దానంతట అదే కుదిస్తుంది. ఉపన్యాసాలకు అది పనికివస్తుందేమో గానీ నాటకానికి వద్దు. జవాబు చెప్పడానికి ముందు ఒక పాత్ర తీసుకునే రెండు సెకన్లు ఆ పాత్రవే.

గొంతుల మార్పు సాధనాలతో తీరే సమస్య కాదని కూడా చెప్పాలి. ఇరవై ఏళ్లప్పటి గొంతుకూ, ముప్ఫై దాటిన తర్వాతి గొంతుకూ మధ్య తేడాను, కంపనాల వారీగా శబ్దాన్ని పెంచే, తగ్గించే ఫిల్టర్ కర్వ్‌తో సరిదిద్దాలని రెండు నెలలు ప్రయత్నించాం. కంపనాల పట్టికను గీసి పాతదానితో పోల్చాం, పిచ్‌ను కొద్దిగా పెంచి చూశాం. మైకు తేడాను కొంతవరకు కప్పిపుచ్చగలిగాం గానీ వయసును కప్పిపుచ్చలేకపోయాం. మాటను పట్టుకునే తీరు, విరామం తీసుకునే చోటు వేరైపోయాయి. చివరికి కథ రాసిన మిత్రుడు మిగిలిన ఆరు భాగాలనూ పన్నెండేళ్ల తర్వాతి కథగా మార్చి రాశాడు. నాటకానికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. ఈ పని ఏ సాఫ్ట్‌వేర్ చేసేదీ కాదు.

దూరాన ఉండి రికార్డు చేయడం గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే పాత మిత్రులు చేసే పనులన్నీ ఇప్పుడు ఇలాగే సాగుతున్నాయి. వీడియో కాల్‌లో ఒకరినొకరు వింటూ, ఎవరి దగ్గర వారు విడిగా రికార్డు చేసుకునేవాళ్లం. కాల్ శబ్దాన్ని ఎప్పుడూ వాడలేదు. మెసేజింగ్ యాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం బాగా కుదించబడి వస్తుంది కాబట్టి, అసలు ఫైలును డాక్యుమెంటుగానో, నాణ్యత పోకుండా కుదించే 24 బిట్ ఫ్లాక్ రూపంలోనో పంపుకునేవాళ్లం. ఫోనులో రికార్డు చేసిన ఎం4ఏ ఫైళ్లను విండోస్‌లోని ఆడాసిటీ తెరవాలంటే పలు రకాల ఆడియో ఫైళ్లను చదవగల ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే లైబ్రరీని విడిగా పెట్టుకోవాలి. ఇది చిన్న పనే గానీ మొదటిసారి చేసేవారికి పక్కన ఒకరు ఉండి చెప్పడం అవసరం. ప్రతి రికార్డింగు మొదట్లోనూ చివరలోనూ అందరం ఒకేసారి చప్పట్లు కొట్టేవాళ్లం. మొదటి చప్పట్లు ట్రాకులను జతపరచడానికి, చివరివి జారుడును కొలవడానికి. రెండు పరికరాల గడియారాలు ఎన్నడూ ఖచ్చితంగా ఒకే వేగంతో నడవవు. వాటి మధ్య తేడా పది లక్షలకు 50 వంతులే అయినా గంట గడిచేసరికి 180 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. ఒకరి మాట ముగియకముందే ఇంకొకరు అందుకునే సంభాషణలో ఆ ఎడం స్పష్టంగా తెలిసిపోతుంది. కాల్ వల్ల కలిగే ఆలస్యం దీనికి తోడవుతుంది. అందుకని పొడవైన సన్నివేశాలను పది నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కనూ విడిగా జతపరిచాం. 3.1 వెర్షన్ నుంచి ప్రతి క్లిప్‌నూ (ట్రాకులోని విడి శబ్దపు ముక్కను) దాని పైనున్న పట్టీ పట్టుకుని జరపవచ్చు, అంచు లాగి కుదించవచ్చు, కుదించిన భాగాన్ని మళ్లీ బయటికి లాగవచ్చు. సంభాషణలను అల్లే పనిలో అంతకుముందు రోజంతా పట్టేది ఆ తర్వాత పూటలో అయిపోయింది.

మా ఎడిటింగ్‌లో సగానికి పైగా చేసిన మిత్రురాలికి ఈ పన్నెండేళ్ల మధ్యలో చూపు బాగా మందగించింది. 2021లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎడిటింగ్ ఇక తన వల్ల కాదని ఆమె నాతో అంది. ఆమె లేకుండా ఈ నాటకాన్ని ముగించడం మాలో ఎవరికీ ఇష్టం లేదు. ఆడాసిటీలో పనులను చాలావరకు కీబోర్డుతోనే చేయవచ్చు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ దాని ట్రాకులను, మెనూలను, ఎంపిక హద్దులను చదివి వినిపిస్తుంది. శబ్దం వినిపిస్తుండగానే ఎడమ, కుడి చదరపు బ్రాకెట్ల కీలు నొక్కి ఎంపిక మొదలునూ చివరనూ నిర్ణయించవచ్చు. కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఆ క్షణం దగ్గర లేబుల్ పడుతుంది. లేబుళ్లన్నింటినీ ఒక పట్టికగా తెరిచి ఒక్కొక్కటిగా చదివించుకోవచ్చు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈ-స్పీక్ ఎన్‌జీ కృత్రిమ గొంతు తెలుగును కూడా చదువుతుంది. మూడు నెలల అభ్యాసం తర్వాత ఆమె చేసిన కోతలు మా అందరి కోతల కంటే మెరుగ్గా వచ్చాయి. గీత తగ్గిపోయిన చోట మేము కోస్తుంటే, అచ్చు పూర్తిగా ఆరిపోయిన చోట ఆమె కోసేది. తొమ్మిదో భాగం నుంచి చివరి కోతలన్నీ ఆమెవే. ఆడాసిటీ తయారీదారులు ఈ విషయాన్ని తమ మాన్యువల్‌లో శ్రద్ధగా వివరించారు. అందుకు వారికి నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞుణ్ణి.

మొదట్లో నేను చెప్పిన మాట దగ్గరికి వస్తాను. 3.2 వెర్షన్ వచ్చేవరకు ఆడాసిటీలో ఎఫెక్టు వేయడమంటే శబ్దాన్ని అక్కడికక్కడే మార్చివేయడం. ప్రతిధ్వని కలిపితే అది తరంగ రేఖలోనే కలిసిపోతుంది. ప్రాజెక్టు తెరిచి ఉన్నంతసేపు వెనక్కి వెళ్లవచ్చు, మూసివేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. వృత్తి నిపుణులు దీన్ని పెద్ద లోపంగా చెబుతూ వచ్చారు, వారి పనికి అది నిజంగా లోపమే. 2022 సెప్టెంబరులో వచ్చిన 3.2 వెర్షన్ ఈ కొరతను తీర్చింది: ఎఫెక్టులను ట్రాకుకు జతచేసి, అసలు శబ్దం చెక్కుచెదరకుండా, వినిపిస్తుండగానే మార్చుకుంటూ పోవచ్చు. మేమూ సంతోషించాం. ఆ వెంటనే తొమ్మిదో భాగంలోని వాన సన్నివేశం చేతికి వచ్చింది. వాన ఎంత దూరంలో వినిపించాలి, గది ఎంత పెద్దదిగా తోచాలి అన్న రెండు ప్రశ్నల మీద నాలుగు నెలలు గడిచాయి. ఇరవైమూడు చిత్తు ప్రతులను ఎక్స్‌పోర్ట్ చేసి పంపుకున్నాం. ప్రతి ప్రతికీ ఐదు అభిప్రాయాలు వచ్చాయి, ప్రతి అభిప్రాయాన్నీ అమలు చేయడం ఒక్క మీట జరిపినంత తేలిక కావడంతో ఎవరూ ఏదీ కాదనలేకపోయాం. మర్యాదకు మొహమాటం తోడైతే పాత మిత్రుల మధ్య పని ఎలా ఆగిపోతుందో నేను అప్పుడు చూశాను. ఎవరికీ కోపం లేదు, పనీ జరగదు.

పాత ఐదు భాగాలను ఎలా పూర్తిచేశామో గుర్తు తెచ్చుకుంటే తేడా తెలిసింది. అప్పట్లో ఎఫెక్టు వేసేముందు అందరం ఒకసారి విని, సరేననుకుని, వేసి, సేవ్ చేసి మూసేవాళ్లం. మరునాడు ఎవరికైనా నచ్చకపోయినా వెనక్కి వెళ్లే దారి లేదు కాబట్టి తర్వాతి సన్నివేశానికి వెళ్లేవాళ్లం. అందుకని 2023లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒక సన్నివేశం మీద ఒక వారం మాత్రమే చర్చ. శుక్రవారం రాత్రి అందరం కలిసి వినాలి, ఆ తర్వాత మిక్స్ అండ్ రెండర్ ఆదేశంతో ట్రాకులన్నింటినీ ఒకటిగా కరిగించి, ఎఫెక్టులను శబ్దంలో స్థిరపరచి, ప్రాజెక్టును మూసివేయాలి. ముడి రికార్డింగులు ఫ్లాక్ రూపంలో వేరే డిస్కులో భద్రంగా ఉంటాయి, కానీ వాటిని తెరవాలంటే ఐదుగురూ ఒప్పుకోవాలి. ఆ తర్వాత అవి తెరవవలసిన అవసరం ఒక్కసారి వచ్చింది. తొమ్మిదో భాగం మూడు వారాల్లో పూర్తయింది. పదో భాగానికీ పదకొండో భాగానికీ కలిపి రికార్డింగు ముగిశాక పట్టినది ఏడు వారాలు. వృత్తిపరమైన మల్టీట్రాక్ సాఫ్ట్‌వేర్లలోనూ ఇలా స్థిరపరిచే ఆదేశం ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆడాసిటీ పుట్టుక నుంచీ ఆ పద్ధతిలోనే నడిచింది కాబట్టి, దానిలో స్థిరపరచడం అన్నది మామూలు పనిలో భాగంలా అనిపిస్తుంది, ఏదో వదులుకుంటున్నట్లు అనిపించదు.

చివరి మెరుగుల్లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ మాకు బాగా ఉపయోగపడింది. పన్నెండేళ్ల రికార్డింగుల మధ్య హెచ్చుతగ్గులు సహజం. శిఖరాల ఎత్తును సమం చేసినంత మాత్రాన చెవికి సమంగా వినిపించదు. చెవికి తోచే బిగ్గరతనాన్ని లెక్కకట్టే ప్రమాణం ప్రకారం ఈ సాధనం పనిచేస్తుంది. అందులో మొదట కనిపించే మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (ఆ బిగ్గరతనానికి కొలమానం) అన్నది ఐరోపా ప్రసార ప్రమాణం. ఫోనులో, ప్రయాణంలో వినేవారికి అది మెల్లగా ఉంటుంది. మేము మైనస్ 16 ఎంచుకున్నాం. అలా పెంచినప్పుడు కొన్ని శిఖరాలు హద్దు దాటుతాయి, కాబట్టి తర్వాత వాటిని అణచే లిమిటర్ తప్పనిసరి. ఈ సర్దుబాటును క్లిప్పులకు విడివిడిగా చేయవద్దు, పూర్తయిన మిక్స్‌కు చేయండి. లేకపోతే గుసగుస కూడా అరుపు స్థాయికి వచ్చేస్తుంది.

కొరతలు ఉన్నాయి. ఒకే ప్రాజెక్టులో ఇద్దరు ఏకకాలంలో పనిచేసే వీలు లేదు. ఈ భాగం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఒక కాగితం మీద మేమే రాసుకోవలసి వచ్చింది. క్లౌడ్‌లో దాచుకునే సదుపాయం 2024లో వచ్చిన 3.5 వెర్షన్‌తో మొదలైంది, అప్పటికి మా పని ముగింపుకు చేరింది కనుక దాని మీద తీర్పు చెప్పను. సంగీతాన్ని స్వరపరచడానికి ఇది సరైన చోటు కాదు. మా నేపథ్య సంగీతాన్ని మిత్రుడు వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసి తెచ్చాడు. 2021లో ఆడాసిటీ మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ చేతికి వెళ్లినప్పుడు, వాడుక సమాచారాన్ని సేకరించే ప్రతిపాదన మీద తీవ్రమైన వ్యతిరేకత వచ్చి ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు; తర్వాత గోప్యతా విధానం మీదా వివాదం నడిచింది. అప్‌డేట్ల కోసం చూసే అమరికను ప్రిఫరెన్సెస్‌లో ఆపేయవచ్చు. మేము ఆపేసుకున్నాం.

పాటల ఆల్బమ్ చేయదలచిన మిత్రబృందానికి నేను దీన్ని సూచించను. మాటల మీద ఆధారపడిన పని, అంటే శ్రవ్య నాటకం, కథాపఠనం, పెద్దవాళ్ల జ్ఞాపకాల సంకలనం వంటివి చేసేవారికీ, ముఖ్యంగా మధ్యలో ఆపిన పనిని మళ్లీ అందుకునేవారికీ మాత్రం ఎలాంటి సంకోచం లేకుండా సూచిస్తాను. మొదటి రోజు నుంచే రెండు పనులు అలవాటు చేసుకోండి: లేబుళ్లను పూర్తి వాక్యాలుగా రాయండి, ప్రతి రికార్డింగుకు ముందు ఎవరూ మాట్లాడకుండా పది సెకన్లపాటు గదిని రికార్డు చేయండి.

ఆ రెండో అలవాటు మాకు 2012లోనే ఉంది, నాయిస్ రిడక్షన్‌కు నమూనా కావాలి కాబట్టి. మొదటి ఐదు భాగాల నుంచి ఏళ్ల తరబడి మేము తీసివేస్తూ వచ్చిన రొద అదే: అప్పటి గదిలోని ఫ్యాను, కిర్రుమన్న కుర్చీ ఒకటి, నవ్వు ఆపుకుంటున్న ఎవరిదో ఊపిరి. పదకొండో భాగం చివరి సన్నివేశంలో ఐదుగురి గొంతులూ ఐదు వేర్వేరు గదుల్లోంచి వచ్చినట్లు విడివిడిగా వినిపించాయి, ఏ ఎఫెక్టుతోనూ అతుకు కుదరలేదు. మా మిత్రురాలు ఆ పాత పది సెకన్ల నమూనాను తెరిచి, దాన్ని కొత్త ట్రాకుగా సన్నివేశం పొడవునా పరిచి, బాగా తగ్గించి వినిపించింది. గొంతులన్నీ ఒకే గదిలోకి వచ్చాయి. ఆ శుక్రవారం చర్చ ఏమీ జరగలేదు. మిక్స్ అండ్ రెండర్ నొక్కాం.